ర్యాంప్ మీంచి బరువైన బండి దించుతుంటే ముందు చక్రం జారిపోయింది, ఎక్కడ తప్పు చేశాను?

నల్లబండి
నిన్న సాయంత్రం జరిగింది. ఇప్పటికీ తలచుకుంటే గుండె దడదడలాడుతోంది. నా బండి మోటార్‌సైకిల్, నిండు ట్యాంకుతో 250 కిలోలు. పికప్ ట్రక్కులోకి ఎక్కించడం బాగానే జరిగింది. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ కొద్దికొద్దిగా వదులుతూ ఎడమ పక్కన నడిచాను. తమ్ముడు వెనక పట్టుకున్నాడు. నిమిషంలో పైకి వెళ్లిపోయింది.

దించేటప్పుడే వచ్చింది తంటా. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ముందు బ్రేక్ పట్టుకుని మెల్లగా వెనక్కి వదులుదామనుకున్నాను. వెనక చక్రం ర్యాంప్ మీదకు దిగేదాకా ఏ ఇబ్బందీ లేదు. ముందు చక్రం కూడా అంచు దాటి ర్యాంప్ మీదకు వచ్చాక బండి ఇక ఆగలేదు. లివర్ హ్యాండిల్‌కు ఆనేంత గట్టిగా నొక్కాను. చక్రం తిరగడం ఆగిపోయింది, బండి మాత్రం కిందికి పోతూనే ఉంది! టైరు ర్యాంప్‌కున్న అల్యూమినియం అడ్డపట్టీల మీద ఒక్కోదాన్నీ దాటుతూ టకటకమని జారడం కళ్లారా చూశాను. హ్యాండిల్ ఒక పక్కకు తిరిగింది, బండి కుడివైపు ఒరిగి పడిపోయింది. అటువైపు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. బ్రేక్ లివర్ విరిగింది, ఫుట్‌రెస్ట్ వంగింది.

ర్యాంప్ 8 అడుగులది, ట్రక్కు బాడీ ఎత్తు 3 అడుగులు. బ్రేక్ ప్యాడ్లు కొత్తవి. మరి ఎందుకు ఆగలేదు? ఇలాంటి బండి దించాలంటే నలుగురు మనుషులు ఉండాల్సిందేనా?

పాతస్పానర్
న్యూట్రల్‌లో దించడం, అదే తప్పు. బ్రేక్ ప్యాడ్లకూ దీనికీ సంబంధం లేదు. చక్రం ఆగింది అని మీరే రాశారు కదా, అంటే బ్రేక్ తన పని తాను చేసింది. పట్టు లేనిది టైరుకు.

మట్టిదారి
తమ్ముడికి ఏమీ కాలేదుగా? ముందు అది చెప్పండి.

నల్లబండి
ఏమీ కాలేదండి. జారడం మొదలవగానే పక్కకు దూకాడు. కానీ ఒక్క క్షణం ఆలస్యమైతే వెనక చక్రం వాడి కాలి మీద ఉండేది. రాత్రి నాకు నిద్ర పట్టనిది అందుకే, లివర్ కోసం కాదు.

లోడుబండి
బండ్లు ఎక్కించి దించడమే నా పని, రోజూ చేసేదే. కిందివైపు మనిషిని పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. వెనక పట్టుకున్నవాడు 250 కిలోలను ఆపలేడు, ఆపుదామని చూసి కింద పడతాడు. సాయం చేసేవాళ్లు పక్కన ఉండాలి, చేయి సీటు వెనక పట్టుకునే కడ్డీ (గ్రాబ్ రెయిల్) మీద ఉండాలి, కాళ్లు ర్యాంప్ బయట ఉండాలి. వాళ్ల పని బండిని నిటారుగా ఉంచడం, అంతే. బరువు ఆపే పని చక్రం చూసుకోవాలి.

వాలుగీత
ముందు టైరు ఎందుకు జారిందో లెక్క వేసి చూస్తే బాగా అర్థమవుతుంది. కొంచెం ఓపిక పట్టండి.

3 అడుగుల ఎత్తు, 8 అడుగుల ర్యాంప్ అంటే వాలు సుమారు 22 డిగ్రీలు. ఆ వాలు మీద 250 కిలోల బండిని కిందికి లాగే బలం దాదాపు 94 కిలోలు. అంత బలాన్ని టైరు పట్టు ఆపాలి.

సమంగా ఉన్న నేల మీద మీ బండి బరువు రెండు చక్రాల మీదా ఇంచుమించు సగం సగం ఉంటుంది. వాలు మీద ముక్కు పైకి ఉంటే బరువు వెనక్కి పోతుంది. నా అంచనాలో ఇరుసుల మధ్య దూరం మీటరున్నర, బరువు కేంద్రం నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తు అనుకున్నాను. అప్పుడు ముందు చక్రం ర్యాంప్‌ను నొక్కేది 78 కిలోలే, వెనక చక్రం నొక్కేది 153. రబ్బరుకు పొడి లోహం మీద ఆ ఒత్తిడిలో పదింట ఎనిమిది వంతుల పట్టు ఉందనుకుందాం. ముందు టైరు ఆపగలిగేది 62 కిలోలు. ఆపాల్సింది 94. ఎంత మంచి బ్రేక్ ఉన్నా ఆగదు!

అదే వెనక టైరైతే 122 కిలోల దాకా ఆపగలదు. ఒక్క వెనక చక్రంతోనే బండి నిలబడుతుంది.

నల్లబండి
ఇది చదివాక నిన్నటిదంతా కళ్ల ముందు మళ్లీ తిరిగింది. నేను నొక్కేకొద్దీ జారడానికి కారణం ఇదన్నమాట. కానీ వెనక బ్రేక్ పెడల్ కుడివైపు ఉంది, నేను ఎడమవైపు నడుస్తున్నాను. కాలు ఎలా అందుతుంది?

పాతస్పానర్
అందక్కర్లేదు. మీ ఎడమ చేతిలోనే వెనక బ్రేక్ ఉంది, దాని పేరు క్లచ్.

ఇంజిన్ ఆపండి. ఫస్ట్ గేర్‌లో వేయండి. క్లచ్ పూర్తిగా వదిలేస్తే వెనక చక్రం ఇంజిన్‌కు కట్టేసినట్టు ఉంటుంది, బండి కదలదు. ఇప్పుడు క్లచ్ చాలా కొద్దిగా నొక్కండి, బండి పాకుతున్నట్టు వెనక్కి దిగుతుంది. ఎక్కువైందనిపిస్తే చేయి వదిలేయండి, ఆగిపోతుంది. మామూలు బ్రేక్‌కు ఇది పూర్తిగా తిరగబడిన పద్ధతి: భయం వేస్తే నొక్కడం కాదు, వదలాలి. ఆ అలవాటు చేతికి రావాలంటే ముందు చిన్న వాలు మీద పది సార్లు చేయాలి. ముందు బ్రేక్‌ను తోడుగా రెండు వేళ్లతో పట్టుకోండి, కానీ దాన్ని నమ్ముకోవద్దు.

క్లచ్_కేబుల్
ఇంజిన్ వెనక్కి తిరిగితే లోపల ఏమీ కాదా? నాకు ఎప్పటినుంచో ఉన్న అనుమానం.

పాతస్పానర్
ఇంజిన్ తిరగదు కదా, క్లచ్ ప్లేట్లు జారతాయి, అంతే. 8 అడుగుల దూరానికి ప్లేట్లు ఏమీ అరిగిపోవు. పెద్ద సింగిల్ సిలిండర్ బండ్లు మాత్రం నిటారు వాలు మీద ఒక్కోసారి కంప్రెషన్ దాటి చిన్న గంతు వేస్తాయి. అందుకే ముందు బ్రేక్ మీద రెండు వేళ్లు అన్నాను.

చిన్నచక్రం
నాది ఆటోమేటిక్ స్కూటర్, 200 కిలోల పైనే. ఇంజిన్ ఆపితే గేర్ పట్టు అనేదే ఉండదు. నేనేం చేయాలి?

పాతస్పానర్
మీకు ఇంకా సులువు. వెనక బ్రేక్ ఎడమ చేతి లివర్‌లోనే ఉంటుంది కదా. దాన్నే పట్టుకుని దించండి.

క్లచ్_కేబుల్
డీసీటీ (క్లచ్ లివర్ లేని ఆటోమేటిక్ గేర్లు) ఉన్న హోండాలు కూడా ఇంజిన్ ఆపగానే న్యూట్రల్‌లోకి వచ్చేస్తాయి, అది గుర్తుపెట్టుకోవాలి. మా బావ ఆఫ్రికా ట్విన్‌కు విడిగా పార్కింగ్ బ్రేక్ ఉంది. అది వెనక చక్రానికే పట్టుకుంటుంది. దాన్ని లాగుతూ వదులుతూ దించుతాడు.

గాలివాటం
ఇంత గొడవ దేనికి? నేనైతే కూర్చుని నడిపించేస్తాను. ఎక్కేటప్పుడు ఒక్క ఊపులో పైకి వెళ్లిపోవాలి. దిగేటప్పుడు సీటు మీద కూర్చుంటే వెనక బ్రేక్ కాలి కిందే ఉంటుంది. ఏడేళ్లుగా ఇదే పద్ధతి, ఒక్కసారీ పడలేదు.

లోడుబండి
గాలివాటం, మీ ర్యాంప్ వెడల్పు ఎంత?

గాలివాటం
నాలుగున్నర అడుగులు. ట్రైలర్ వెనక డోరే కిందికి పడి ర్యాంప్ అవుతుంది. ట్రైలర్ ఎత్తు కూడా మోకాలి కిందికే.

లోడుబండి
అదీ సంగతి. మీది వెడల్పాటి ర్యాంప్, పైగా ఎత్తు తక్కువ. ఎక్కడ ఆగినా రెండు కాళ్లూ ఆనుతాయి. నల్లబండి గారిది జానెడు వెడల్పున్న ర్యాంప్. దాని మీద సగంలో ఇంజిన్ ఆగిపోతే కాలు పెట్టడానికి గాలి తప్ప ఏమీ ఉండదు. ఒకటిన్నర అడుగుల ఎత్తు నుంచి బండితో సహా పక్కకు పడడమే. ఇలా పడి మోకాలు విరగ్గొట్టుకున్న మనిషిని నేను స్వయంగా లేపాను. మీ పద్ధతి మీ ట్రైలర్‌కు సరైనదే, దయచేసి ఇరుకు ర్యాంప్ ఉన్నవాళ్లకు చెప్పకండి.

గాలివాటం
ఒప్పుకుంటున్నాను. ఎత్తు చూసుకోకుండా రాశాను.

మట్టిదారి
ఊపు గురించి నాదీ ఒక మాట. ఊపుతో ఎక్కించేవాళ్లు ర్యాంప్‌ను ట్రక్కుకు కట్టారో లేదో తప్పకుండా చూసుకోవాలి. నా కేసు చెబుతాను. ముందు చక్రం బాడీలోకి వెళ్లింది, వెనక చక్రం ఇంకా ర్యాంప్ సగంలో ఉంది. యాక్సిలరేటర్ కొంచెం గట్టిగా ఇచ్చాను. చక్రం బండిని ముందుకు తోస్తే, అంతే బలంతో ర్యాంప్‌ను వెనక్కి తోస్తుంది కదా. ర్యాంప్ పైకొస ట్రక్కు అంచు మీంచి జారిపోయి దభీమని కింద పడింది. బండి పొట్ట మీద అంచుకు వేలాడింది. చైన్ గార్డు పగిలింది, ఇంజిన్ కింద రేకు సొట్టపోయింది. అప్పటినుంచి పట్టీలు రెండువైపులా ట్రక్కు చాసిస్‌కు కట్టి, వెనక్కి లాగి చూసి, అప్పుడే బండి ముట్టుకుంటాను.

నల్లబండి
పట్టీ ఒకటి కట్టాను, రెండోది కట్టలేదు. ఇప్పుడు అది కూడా భయం వేస్తోంది.

ఒంటరి_సవారీ
నేను అయిదడుగుల మనిషిని, బండి 360 కిలోల పైన ఉన్న గోల్డ్ వింగ్. సాయానికి ఎవరూ ఉండరు. కాబట్టి నలుగురు మనుషులు కావాలా అన్న ప్రశ్నకు నా జవాబు: అక్కర్లేదు, వించ్ (తాడు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు) కావాలి.

ట్రైలర్ ముందు భాగంలో 12 వోల్టుల వించ్ బిగించుకున్నాను. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కింది క్లాంపు చుట్టూ రెండువైపులా మెత్తటి పట్టీలు వేసి, వాటికి హుక్ తగిలిస్తాను. హ్యాండిల్‌కు మాత్రం తగిలించను, లాగుతుంటే తిరిగిపోతుంది. ఇంజిన్ ఆఫ్, న్యూట్రల్. కుడి చేతిలో రిమోట్, ఎడమ చేయి హ్యాండిల్ మీద. బండి నడక కన్నా నెమ్మదిగా పైకి పోతుంది. నా పనల్లా దాన్ని నిటారుగా ఉంచడమే. పైన వీల్ చాక్ (చక్రాన్ని పట్టి నిలిపే చట్రం) లోకి ముందు చక్రం 'టక్' మని కూర్చున్నాక చేయి వదిలినా నిలబడుతుంది, అయినా పట్టీ బిగించేదాకా వదలను.

దించేటప్పుడు కూడా వించ్‌తోనే. ఇక్కడ ఒక మెలిక ఉంది. వించ్ తాడు వదులు చేస్తే బండి దానంతట అది వెనక్కి రావాలి. బాడీ మీద సమంగా ఉన్నంతసేపు రాదు, మనమే తోయాలి. అప్పుడు తాడు వదులుగా వేలాడితే, వెనక చక్రం వాలులోకి దిగిన క్షణంలో ఆ వదులంతా ఒక్కసారి బిగుసుకుని బండి కుదుపుతుంది. తాడు ఎప్పుడూ బిగుతుగా ఉండేలా చూసుకుంటూ రెండేసి అంగుళాలు వదలాలి. స్టీలు తీగ తీసేసి సింథటిక్ తాడు వేసుకున్నాను. తెగితే స్టీలు తీగ కొరడాలా కొడుతుంది.

మట్టిదారి
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండి. సేవ్ చేసుకున్నాను.

వాలుగీత
వించ్ అయినా మనిషి అయినా వాలు తగ్గిస్తే అందరికీ పని తగ్గుతుంది. అదే 3 అడుగుల ఎత్తుకు 6 అడుగుల పలక వేస్తే 30 డిగ్రీలు, బండి సగం బరువు, అంటే 125 కిలోలు, మన మీదకు వస్తుంది. 10 అడుగుల ర్యాంప్ అయితే పదిహేడున్నర డిగ్రీలు, 75 కిలోలు. పొడుగు ర్యాంప్‌కు మించిన సాయం లేదు.

పాతస్పానర్
ర్యాంప్ పొడుగు పెంచలేకపోతే ఎత్తు తగ్గించండి. మేం చిన్నప్పుడు చేసింది ఇదే: రోడ్డు పక్కన మట్టి గట్టు చూసి, ట్రక్కు వెనక భాగం దానికి ఆనించేవాళ్లం. గట్టుకూ బాడీకీ మధ్య పలక దాదాపు సమంగా పడేది, బండి తోసుకుంటూ వెళ్లిపోయేవాళ్లం. గట్టు లేకపోతే ట్రక్కు వెనక చక్రాలు పల్లంలోకి దింపినా జానెడు ఎత్తు తగ్గుతుంది. ఎక్కించే చోటు వెతకడానికి పది నిమిషాలు పెడితే బండిని మోసే పని తప్పుతుంది.

క్లచ్_కేబుల్
క్రూయిజర్ల (పొట్ట నేలకు దగ్గరగా ఉండే బండ్ల) వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ర్యాంప్ బాడీకి కలిసే చోట మూల వస్తుంది కదా, ముందు చక్రం దాటాక బండి పొట్ట ఆ మూలకు తగిలి కూర్చుండిపోతుంది. అప్పుడు ముందుకూ పోదు, వెనక్కీ రాదు. మధ్యలో కొంచెం విల్లులా వంగిన ర్యాంప్ దొరుకుతుంది, దానితో ఈ బాధ తప్పుతుంది. నా ఎగ్జాస్ట్ కింద గీత ఇప్పటికీ ఉంది.

నల్లబండి
నా బండికి కింద ఖాళీ బాగానే ఉంది, ఆ సమస్య రాలేదు. ఒక ప్రశ్న: ఎక్కేటప్పుడు సగంలో ఇంజిన్ ఆగిపోతే? అదృష్టం కొద్దీ ఆగలేదు కానీ, ఆగి ఉంటే నేను ముందు బ్రేకే పట్టుకునేవాణ్ని.

లోడుబండి
అందరూ అదే చేస్తారు, క్లచ్ కూడా నొక్కేస్తారు. క్లచ్ నొక్కితే వెనక చక్రం వదులైపోతుంది, ఇక ముందు టైరు ఒక్కటే మిగులుతుంది, అది ఆగదని పైన లెక్కలోనే తేలింది. ఇంజిన్ ఆగితే ఎడమ చేయి వెంటనే వదిలేయండి. గేర్ బండిని పట్టుకుంటుంది. అక్కడ ఊపిరి తీసుకుని, మళ్లీ స్టార్ట్ చేసి ఎక్కించే ప్రయత్నం చేయకుండా, క్లచ్‌తోనే మెల్లగా కిందికి దించి మొదటినుంచి మొదలుపెట్టండి.

ఇంకో మాట. నడవడానికి మీకు కూడా దారి కావాలి. బండి ర్యాంప్ పక్కనే రెండో ర్యాంప్ వేసుకోండి. కింది నేల మీద నడుస్తూ వస్తే బండి పైకి పోయేకొద్దీ హ్యాండిల్ మీ భుజం ఎత్తుకు, తర్వాత తల ఎత్తుకు వెళ్తుంది. అప్పుడు చేతుల్లో బలం ఉండదు.

నల్లబండి
నిన్న సరిగ్గా అదే అయింది. దించేటప్పుడు నేను బాడీ మీంచి కిందికి దూకాను, ఆ క్షణంలో హ్యాండిల్ నా మొహం ఎదురుగా ఉంది.

లోడుబండి
దూకకూడదు. దూకేటప్పుడు బండిని పట్టుకున్నది ఎవరు? ఎవరూ లేరు.

మట్టిదారి
కట్టడం గురించి కూడా ఇక్కడే మాట్లాడుకుందామా? నేను ముందు రెండు రాట్చెట్ స్ట్రాపులూ (మీటతో బిగించే పట్టీలు) ఫోర్కు పూర్తిగా కిందికి అణిగేదాకా బిగిస్తాను. లేకపోతే గుంతలో పడ్డప్పుడు హుక్ ఊడి వస్తుంది.

పాతస్పానర్
పూర్తిగా అణచకండి. ఫోర్కులో ఆయిల్ ఆపే సీళ్ల మీద గంటల తరబడి ఒత్తిడి ఉంటుంది, ఆయిల్ కారుతుంది. సగం దాకా అణిగితే చాలు. గుంతలో ఇంకొంచెం అణిగినా స్ట్రాప్ వదులవదు.

మట్టిదారి
నా మట్టి బండి ఎన్నోసార్లు అలాగే వెళ్లింది, సీలు ఏనాడూ కారలేదు.

పాతస్పానర్
మీ మట్టి బండి 110 కిలోలు, ఫోర్కు అణిగే దూరం దాదాపు అడుగు. ఈ రోడ్డు బండికి అందులో సగం కూడా ఉండదు. ఆ రెండిటినీ ఒకే తీరుగా కట్టలేం. మీరు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చెక్క దిమ్మె పెట్టి బిగించినా నాకు అభ్యంతరం లేదు, బరువు దిమ్మె మోస్తుంది.

ఒంటరి_సవారీ
నా కట్టు ఇలా: ముందు రెండు, వెనక రెండు. ముందువి కింది క్లాంపు నుంచి ముందుకూ పక్కకూ లాగేలా. వెనకవి బండి ఫ్రేము నుంచి వెనక్కి లాగేలా. పట్టీ మీద రాసి ఉండే పని బరువు (సురక్షితంగా మోయగలిగేది) చూసుకోండి, తెగే బరువు కాదు. పని బరువు సాధారణంగా తెగే బరువులో మూడో వంతు ఉంటుంది. పట్టీ ఒక మెలిక తిప్పి కడితే గాలికి కొట్టుకోదు. బయలుదేరాక 15, 20 కిలోమీటర్లకు ఆగి మళ్లీ బిగించాలి, మొదట్లో తప్పకుండా కొంచెం వదులవుతాయి.

చిన్నచక్రం
సైడ్ స్టాండ్ వేసి కట్టొచ్చా?

ఒంటరి_సవారీ
వద్దు. బండి బరువుకు తోడు పట్టీల లాగుడంతా ఆ ఒక్క కడ్డీ మీద పడుతుంది, కుదుపులకు వంగిపోతుంది. నిటారుగా, రెండు చక్రాల మీదే కట్టాలి. విప్పేటప్పుడు మాత్రం మొదట సైడ్ స్టాండ్ వేసి, వెనక పట్టీలు విప్పి, తర్వాత ముందు కుడి పట్టీ వదులు చేసి బండిని ఎడమకు స్టాండ్ మీదకు ఆనించి, చివరగా ముందు ఎడమది. అటూ ఇటూ అయితే బండి కుడివైపు పోతుంది, అటు స్టాండ్ లేదు.

నల్లబండి
మొన్న ఆదివారం మళ్లీ చేశాను, చెబుదామని వచ్చాను.

ముందు పాతస్పానర్ గారు చెప్పినట్టు ఇంటి ముందు వాలు మీద ఇంజిన్ ఆపి, ఫస్ట్ గేర్‌లో క్లచ్‌తో వెనక్కి దించడం సాధన చేశాను. మొదటి మూడు సార్లు చేయి దానంతట అదే బిగుసుకుంది, బండి పరుగెత్తింది. నాలుగోసారి నుంచి వేళ్లకు తెలిసింది. ఆ తర్వాత తమ్ముడు అడిగాడు, నేనూ చేస్తానని. వాడు రెండోసారికే పట్టేశాడు.

10 అడుగుల ర్యాంప్ అరువు తెచ్చాను, పాతది నడవడానికి పక్కన వేశాను. రెండిటికీ రెండేసి పట్టీలు కట్టాం. ట్రక్కు హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాల కింద రాళ్లు పెట్టాం. తమ్ముడు కుడి పక్కన, కాళ్లు ర్యాంప్ బయట. వెనక చక్రం దిగింది, ముందు చక్రం అంచు దాటింది, మళ్లీ అదే చోటికి వచ్చాం. గుండె గొంతులోకి వచ్చింది. ఎడమ చేయి వదిలేశాను. బండి ఆగిపోయింది! వాలు మధ్యలో, కదలకుండా నిలబడింది. తమ్ముడు నా మొహం చూసి నవ్వాడు. అక్కడినుంచి కిందికి దాదాపు నిమిషం పట్టింది, ఒక్క చోట కూడా జారలేదు.

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఒకే ఒక్క సందేహం మిగిలింది: వాన పడి ర్యాంప్ తడిసి ఉంటే?

వాలుగీత
తడి లోహం మీద పట్టు సగానికి పడిపోవచ్చు. అప్పుడు 22 డిగ్రీల వాలు మీద వెనక టైరు కూడా ఆపలేదు. ఆగి తుడవండి, లేకపోతే ఎండేదాకా ఆగండి.

లోడుబండి
ఆగే వీలు లేనప్పుడు నేను చేసేది: ర్యాంప్ పొడవునా గరుకు కాగితం లాంటి అంటుడు టేపు అతికించి ఉంచుతాను, మెట్లకు వేసేది. చెక్క పలక అయితే పాత టైరు కోసి మేకులు కొడతాను, మేకు తల రబ్బరులోకి దిగిపోవాలి. మీరు నడిచే ర్యాంప్‌కు కూడా వేయండి, టైరు కన్నా ముందు చెప్పులే జారతాయి.

నల్లబండి
టేపు ఇవాళే తెస్తాను. రెండిటికీ.